ఆవలింతల ఇల్లు

ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్లు ఆమెని సర్దుబాటమ్మ అని పిలిచేవాళ్ళు. అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇంట్లో అద్దె సోఫాలూ, అద్దె మంచాలూ, అద్దె దీపాలూ తెచ్చి సర్ది, ఎవరో సంతోషంగా ఉన్నవాళ్ళు ఇప్పుడే అలా బయటికి వెళ్ళారు, ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తారు అనిపించేలా చెయ్యడం ఆమె పని. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడల్ని చూడరు. ఆ గోడల మధ్య తమని తాము చూసుకుంటారు. అందుకు కాస్త చోటు చేసిపెట్టాలి, అంతే. సోఫా చేతిమీద శాలువా సగం జారినట్టు వెయ్యాలి. బల్ల మీద పుస్తకం బోర్లించి పక్కన కళ్ళజోడు పెట్టాలి. మంచం పక్కనున్న చెప్పుల్లో ఒకటి కొంచెం వంకరగా ఉండాలి. ఇరవై ఏళ్ళలో రెండొందల పైచిలుకు ఇళ్ళు అలా సర్దింది. ఇల్లు అమ్ముడుపోగానే వ్యాను పిలిచి, సామానంతా ఎత్తించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది.

ఆమెకి సాయం పిన్ని. తల్లి పోయాక తల్లై పెంచిన మనిషి. నలభై ఏళ్ళు టైలరు దుకాణం నడిపి, మూసేశాక ఈ ఇళ్ళకి కావలసిన పరదాలూ దిండు గలీబులూ కుట్టిపెడుతోంది. నోరు మాత్రం కత్తెర కంటే పదును. "సర్దడం మా అమ్మాయి వృత్తి, సర్దుకుపోవడం దాని రోగం" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఏజెంటు వాళ్ళింటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"అక్కా, నువ్వే నన్ను గట్టెక్కించాలి. ఊరి పాత భాగంలో గొడుగుల కార్ఖానా ఉందే, నూటపాతికేళ్ళ నాటిది, దాన్ని ఫ్లాట్లు చేశారు కదా. కిందవన్నీ చిటికెలో అమ్మేశాను. పై అంతస్తు మిగిలిపోయింది. లగ్జరీ లాఫ్ట్. ఏడు నెలలైంది, కదలట్లేదు."

"లాఫ్టంటే?" అంది పిన్ని, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "పనికిరాని సామానంతా పడేస్తాం చూడు, ఆ అటకేనా?"

"అది కాదు పిన్నిగారూ, అడ్డుగోడల్లేకుండా ఒకటే పెద్ద హాలు..."

"అటక మీద కాపురం పెట్టడానికి జనం ఎగబడట్లేదంటే వాళ్ళ తప్పేం లేదు నాయనా."

ఏజెంటు నవ్వలేదు. మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"వచ్చిన ప్రతివాళ్ళూ ఆవలిస్తున్నారక్కా. లోపలికి రాగానే ఆహా అంటారు, ఓహో అంటారు. ఆ ఎత్తు చూసి నోరు తెరుస్తారు. ఆ తెరిచిన నోరు మరి మూతపడదు, అలాగే ఆవలింతలోకి దిగిపోతుంది. అయిదు నిమిషాలకి మాటలు తగ్గుతాయి. పది నిమిషాలకి ఎక్కడో అక్కడ చతికిలబడతారు. ఆలోచించుకుని చెప్తామంటూ కళ్ళు నులుముకుంటూ వెళ్ళిపోతారు. మర్నాడు ఫోన్ చేస్తే వాళ్ళకి ఇల్లు సరిగ్గా గుర్తే ఉండదు. 'కలలో చూసినట్టుందండీ' అంటారు. కలలో చూసిన ఇంటికి ఎవరైనా అడ్వాన్సు ఇస్తారా?"

ఆ మధ్యాహ్నమే ఆమె, పిన్ని వెళ్ళి చూశారు. రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, చెక్క తలుపుల దుకాణాలు, వాటి పైన రంగు వెలిసిన అక్షరాలు. కార్ఖానా గుమ్మం మీద ఇనుముతో చేసిన గొడుగు ఒకటి సగం తెరుచుకుని ఉంది. ఒకప్పుడు సరుకు మోసిన లిఫ్టునే ఇప్పుడు మనుషులకి వదిలారు. మడత గ్రిల్లు లాగి మూస్తే, అది నిండు గర్భిణిలా నెమ్మదిగా పైకి కదిలింది.

గ్రిల్లు తెరవగానే ఇద్దరూ ఒక్కక్షణం అక్కడే నిలబడిపోయారు.

అంత పెద్ద గదిని అంత నిశ్శబ్దంగా ఆమె ఎప్పుడూ చూడలేదు. రెండంతస్తుల ఎత్తు. సన్నటి ఇనుప స్తంభాలు, నల్లబడిన చెక్క దూలాలు, దూలాల పొడుగూతా వరసగా చిన్నచిన్న కొక్కేలు. పడమటి వైపు మనిషికి రెండింతలున్న ఆరు కిటికీలు. వాటిలోంచి ఎండ వచ్చి చెక్క నేల మీద ఆరు తివాచీలు పరిచినట్టు పడి ఉంది. ఒక పక్క తెరిచి ఉన్న వంటిల్లు, ఇంకో పక్క చెక్కమెట్లు, మెట్ల పైన పడకకి సరిపడా అరుగు. బయట సందులో బళ్ళ చప్పుడు, పావురాల రెక్కల చప్పుడు, అన్నీ దూదిలో చుట్టి పంపినట్టు వినిపిస్తున్నాయి.

"బాగానే ఉందే మీ అటక" అంది పిన్ని. అని, ఆవలించింది.

ఆమె టేపు తీసింది. కిటికీ వెడల్పు రాసుకుంది, ఎత్తు రాసుకోబోయింది. నేల వెచ్చగా తగిలింది. ఒక్క నిమిషం కూర్చుని రాసుకుందాం అనుకుంది.

కలలో మెట్ల కింద ఒక తలుపు కనిపించింది. తెరిస్తే చిన్న గది. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక కిటికీ. అన్నీ ఎక్కడుండాల్సినవి అక్కడే ఉన్నాయి. ఆమె చేతులు అలవాటుగా ముందుకి వెళ్ళి, చెయ్యడానికేమీ లేక ఆగిపోయాయి. కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. కూర్చునే ఉంది.

లేచేసరికి ఎండ తివాచీలు గోడెక్కాయి. పిన్ని పక్కనే చీరకొంగు తలకింద పెట్టుకుని చిన్నగా గురకపెడుతోంది.

అప్పటినుంచీ నెల రోజులు ఆ ఇంటిని మేలుకొలపడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ఎర్ర సోఫాలు వేసింది. కూర్చుంటే వీపు నిలబెట్టే గట్టి కుర్చీలు తెచ్చింది. మూల మూలకీ దీపాలు పెట్టింది. కాఫీ కాచి ఇల్లంతా వాసన పట్టించింది. రేడియోలో హుషారు పాటలు పెట్టింది. పిన్ని కుట్టుమిషను తెచ్చి ఒక కిటికీ కింద పెట్టుకుని, పన్నెండడుగుల పరదాలు కుట్టడం మొదలెట్టింది. జనం వచ్చారు, ఆహా అన్నారు, ఓహో అన్నారు, ఆవలించారు. ఒకాయన గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని, హుషారు పాట వింటూ వింటూనే తలవాల్చేశాడు.

చివరికి కింద కాపలా ముసలాయన గుట్టు విప్పాడు.

"అది ఆరబెట్టే హాలమ్మా. రంగులద్దిన గొడుగుల్ని తెరిచి ఆ కొక్కేలకి తలకిందులుగా వేలాడదీసేవాళ్ళు. గాలి విసురు తగలకూడదు, వేడి ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉండకూడదు. గోడలు రెండున్నర అడుగులు. నేల చెక్కల కింద బెరడు పరిచారు. అక్కడ కూర్చుని ఎవరూ పని చెయ్యకూడదని రూలుండేదట. మా నాన్న చెప్పేవాడు, కూర్చున్నవాళ్ళెవరూ లేవరని."

"అయితే ఇంక దీనికి మందు లేదు" అని ఏజెంటు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

లిఫ్టులావిడ వచ్చింది ఆ వారంలోనే. ఊళ్ళో సగం మేడల్లో ఆవిడ కంపెనీ లిఫ్టులే తిరుగుతాయి. యాభై దాటిన మనిషి. కురచ జుట్టు, కళ్ళ కింద నల్లటి చారలు, చేతిలో ఫోను. వచ్చీ రాగానే ఇంటిని కాదు, లిఫ్టునే చూసింది. గోడకి చెవి ఆనించి వింది.

"పై చక్రంలో బేరింగు అరుగుతోంది. ఇంకో ఏడాది వస్తుంది" అంది ఏజెంటుతో. "నాకు పది నిమిషాలే టైముంది. చూపించండి."

ఏజెంటు చూపించడం మొదలెట్టాడు. దూలాల దగ్గర ఫోను మోగింది. వంటిల్లు దగ్గర మోగింది. మెట్ల దగ్గర రెండుసార్లు మోగింది. ప్రతిసారీ ఆవిడ ఒకటే మాట అడిగింది: "ఎన్నో అంతస్తు? లోపల ఎంతమంది?" కిటికీల దగ్గరికి వచ్చి, ఎండలో నిలబడి, పిన్ని మిషను తొక్కుతుంటే ఒక్కక్షణం చూసింది. ఎర్ర సోఫా అంచున కూర్చుంది. ఫోనులో ఏదో నంబరు నొక్కబోయింది. ఆ నంబరు పూర్తికాలేదు.

పిన్ని లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, ఆవిడ కాళ్ళెత్తి సోఫా మీద పెట్టింది. శాలువా కప్పింది. చేతిలోంచి ఫోను మెల్లగా లాగి, గుడ్డముక్కల బుట్టలో అడుక్కంటా తోసేసింది.

ఏజెంటు బుట్ట దగ్గరికి పరిగెత్తాడు. "పిన్నిగారూ, ఆవిడెవరో తెలుసా? ఆ ఫోను ఎలాంటిదో తెలుసా?"

"ఫోను లాంటిదే" అంది పిన్ని. "గట్టిగా మాట్లాడకు, పిల్ల పడుకుంది."

ఆ పిల్ల నాలుగున్నర గంటలు పడుకుంది. ఏజెంటు కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగాడు, తిరిగి తిరిగి అతనూ ఒక స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. సర్దుబాటమ్మ కిటికీ దగ్గర కూర్చుని పరదాలకి రింగులు కుడుతూ, నిద్రపోతున్న ఆ మొహాన్ని చూసింది. లోపలెక్కడో బిగించిన మరలు ఒక్కొక్కటే వదులైనట్టు, ఆ మొహానికి గంట గంటకీ వయసు తగ్గిపోతోంది. మధ్యలో ఒకసారి ఆవిడ నిద్రలోనే నవ్వింది.

లేచాక మాత్రం నవ్వలేదు. టైము చూసుకుని ఉలిక్కిపడి లేచింది. ఫోను ఏదని కేకలేసింది. పిన్ని గుడ్డముక్కల్లోంచి తీసిస్తే, అందులో ఇరవై ఆరు కాల్స్. వెంటనే ఆఫీసుకి చేసింది. అవతలి మాట వింటూ వింటూ నిదానంగా కూర్చుంది.

"ఏమైంది?" అంది పిన్ని.

"రెండుచోట్ల లిఫ్టు ఆగిందట." ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "మా మెకానిక్కులు వెళ్ళి లోపలున్నవాళ్ళని దింపేశారట. ఒకచోట ఇరవై నిమిషాల్లో, ఒకచోట పావుగంటలో."

"మంచిదేగా."

"నేను లేకుండానే" అంది ఆవిడ. బ్యాగు తీసుకుని, ఇంటి గురించి ఒక్కమాటైనా అనకుండా వెళ్ళిపోయింది.

బేరం పోయిందనే అనుకున్నారు. మూడోరోజు మధ్యాహ్నం గ్రిల్లు చప్పుడైంది. లిఫ్టులావిడ ఒక్కతే వచ్చింది. గుమ్మంలో నిలబడి, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లలా అడిగింది.

"కొనడానికి కాదు. కాసేపు పడుకోవచ్చా?"

పిన్ని బుట్ట ముందుకి జరిపింది. ఆవిడ ఫోను తీసి అందులో పెట్టింది.

అలా తొమ్మిది రోజులు వచ్చింది. కంపెనీ పెట్టినప్పటినుంచీ, అంటే పాతికేళ్ళుగా, రెండు గంటలు ఏకబిగిన నిద్రపోయింది లేదట. "ఏ టైములోనైనా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కునే ఉంటారు పిన్నిగారూ. కళ్ళు మూస్తే వాళ్ళే కనిపిస్తారు. గోడ తడుతుంటారు." పిన్ని "ఊఁ" కొడుతూ మిషను తొక్కేది. ఆ "ఊఁ"ల మధ్యే ఆవిడ కళ్ళు మూతలుపడేవి.

ఏజెంటుకి ఇది మింగుడుపడలేదు. "ఇల్లా, సత్రమా అక్కా ఇది?" అని సణిగాడు. అంతలో అతని పంట పండింది. పరుగు పందెం బూట్లు వేసుకున్న యువజంట ఒకటి వచ్చింది. వాళ్ళూ ఆవలించారు కానీ, ఆవలిస్తూనే విరుగుడు ఆలోచించారు. చెక్క నేలంతా పీకేసి తెల్లరాయి పరిపిస్తారట. కొక్కేలు కోయిస్తారట. గోడలకి కన్నాలు కొట్టి పెద్ద ఏసీలు పెట్టిస్తారట. రెండు రోజుల్లో మాట చెప్తామని హుషారుగా వెళ్ళారు.

ఇంతవరకూ సర్దిన ఏ ఇల్లు ఎవరు కొన్నా, కొని ఏం చేసినా సర్దుబాటమ్మకి పట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు. "నీకేమైందే?" అంది పిన్ని. "ఏం లేదు" అంది. తెల్లారాక ఎవరితోనూ చెప్పకుండా లిఫ్టులావిడ ఆఫీసుకి వెళ్ళింది.

అది ఆఫీసులా లేదు, వర్క్‌షాపులా ఉంది. ఇనుప తాళ్ళ చుట్టలు, గ్రీజు వాసన, నడిమధ్యలో మూడంతస్తుల ఎత్తున పరీక్ష కోసం కట్టిన ఉత్త లిఫ్టు దారి. దాని పక్కన అద్దాల గదిలో ఆవిడ కూర్చుని ఉంది. విషయం విని, చేతిలో పెన్సిలు పక్కన పెట్టింది.

"కొనలేక కాదమ్మా. భయం. ఆ ఇల్లు నాది కాదు కాబట్టే నాకు నిద్రపడుతోందేమో? నాదైతే దాని బెంగా నాదేగా. చెక్క చెదలు పట్టిందా, కప్పు కారుతోందా... ఉన్న బెంగలకి ఇంకోటి."

ఇలాంటిచోట ఏం చెప్పాలో సర్దుబాటమ్మకి బాగా తెలుసు. ఇరవై ఏళ్ళ అనుభవం. కానీ ఆ మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"మీకు అబద్ధం చెప్పను" అంది. "అక్కడ మీరు చూసిన సోఫా అద్దెది. దీపాలు అద్దెవి. పుస్తకం పక్కన పెట్టిన కళ్ళజోడు ఎవరిదీ కాదు. నిద్ర కూడా అద్దెదేనేమో నాకు తెలీదు. కొనమని నేను చెప్పను. పీకేస్తారని మాత్రం మీకు తెలియాలి అనిపించింది. అంతే."

"మీరు అక్కడ పడుకున్నారా ఎప్పుడైనా?"

"మొదటిరోజే."

"కల వచ్చిందా?"

సర్దుబాటమ్మ ఆ గది సంగతి చెప్పింది. పిన్నికి కూడా చెప్పని సంగతి. చెప్తుంటే ఆమెకే తెలియకుండా కళ్ళు చెమర్చాయి. లిఫ్టులావిడ బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది.

ఆ మధ్యాహ్నమే ఏజెంటుకి ఫోన్ వచ్చింది. చేసింది లిఫ్టులావిడే. పది రోజుల్లో ఇల్లు ఆవిడ పేరు మీదకి మారిపోయింది.

సామాను ఎత్తే రోజు సర్దుబాటమ్మ అన్నిటికంటే ముందొచ్చి, నేల మీద ఎండలో కాసేపు పడుకుంది. ఈసారి కల రాలేదు. ఉత్త నిద్ర పట్టింది, చీకటిగా, హాయిగా. వ్యాను హారను వినిపించి లేచింది. పరదాలు మాత్రం ఆ కిటికీల కొలతకే కుట్టినవి కాబట్టి ఉంచెయ్యమంది పిన్ని.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ మూడు వారాలు తిరక్కుండానే లిఫ్టులావిడ దగ్గర్నుంచి ఫోను. "నిద్రపట్టట్లేదు. ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా."

వెళ్ళి చూస్తే సర్దుబాటమ్మకి ఇల్లు పోల్చుకోవడానికే కష్టమైంది. గోడ నిండా తెరలు, ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కడుందో చూపించే చుక్కలు వాటి మీద ఎర్రగా పచ్చగా మినుకుమంటున్నాయి. ఫైళ్ళ బీరువాలు. తోలు కుర్చీలు పదహారు. ఆమె చీరకుచ్చిళ్ళు దోపుకుంది. ఇన్నేళ్ళూ ఖాళీ ఇళ్ళు నింపిన మనిషి, ఆ రోజంతా నిండిన ఇల్లు ఖాళీ చేసింది. తెరలు ఆఫీసుకి పంపించింది. బీరువాలు దింపించింది. ఒక సోఫా, ఒక మంచం, ఒక బల్ల మిగిల్చింది.

అయినా నిద్ర రాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె, పిన్ని వెళ్ళేసరికి, ఆవిడ సోఫాలో కళ్ళు తెరుచుకుని దూలాలు లెక్కపెడుతోంది.

"చెప్పానా? కొనగానే పోయింది" అంది, ఏడవలేక నవ్వుతూ.

పిన్ని ఆవిడ తలదగ్గర కూర్చుంది. నుదుటి మీద చెయ్యి వేసింది.

"అమ్మాయ్, నిద్రనేది ఇంట్లో ఉండదు. నువ్వు పాతికేళ్ళుగా ఊరందరికీ కాపలా కాస్తున్నావు. నీకెవరు కాశారు? పక్కన ఒకళ్ళు మెలకువగా ఉన్నారని తెలిస్తే కదా, మనిషి కళ్ళు మూసేది. ఇదేం పెద్ద విద్య కాదు, చంటిపిల్లలకి తెలిసినదే."

"ఇప్పుడు నాకెవరున్నారు పిన్నిగారూ?"

"ఉన్నారో లేదో తరవాత చూద్దాం. మా ఇంట్లో వెలుతురు చాలట్లేదు నాకు, మిషను ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు. ఆ కిటికీ కింద చోటిస్తావా?"

అలా పిన్ని వారానికి నాలుగు మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళడం మొదలెట్టింది. లిఫ్టులావిడ రెండింటికి వచ్చి, ఇంత బ్రెడ్డు తిని, పిన్ని చెప్పే పాత గిరాకీల కబుర్లు వింటూ పడుకునేది. ఒక కస్టమరు పెళ్ళి జాకెట్టు కుట్టడానికిచ్చి, తీరా పెళ్ళయిన మూడు నెలలకి దాన్ని తీసుకోవడానికి వచ్చిందన్నదాకా కబురు నడిచేది, కానీ ఆ చివరి నవ్వు దాకా ఆవిడ ఎప్పుడూ మేలుకుని ఉండలేదు.

ఒకరోజు సర్దుబాటమ్మకి పని తొందరగా తెమిలింది. పిన్నిని తీసుకెళ్దామని వచ్చింది. గ్రిల్లు చప్పుడు కాకుండా తెరిచింది. మిషను ఆగి ఉంది. సోఫాలో లిఫ్టులావిడ ఒక చెయ్యి నేలకి వేలాడేసి ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. కిటికీ కింద పిన్ని, కుడుతున్న గుడ్డ మీదే చెంప ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. మరి కాపలా ఎవరు?

ఆమెకి నవ్వొచ్చింది. వెనకాలే ఆవలింత వచ్చింది. వంటింటి దగ్గరికి వెళ్ళి కళ్ళ మీద చన్నీళ్ళు కొట్టుకుంది. మెట్ల మీద, ఇద్దరూ కనపడేచోట కూర్చుంది. రెప్పలు బరువెక్కినప్పుడల్లా లేచి ఈ కిటికీ నుంచి ఆ కిటికీ దాకా చెప్పుల్లేని కాళ్ళతో నడిచింది. కింద సందులో ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోతున్నారు. ఎండ నేల మీంచి గోడ మీదకి, గోడ మీంచి దూలాల మీదకి ఎక్కింది.

పిన్ని ముందు లేచింది. చెంప మీద కుట్టు వరస అచ్చుపడి ఉంది.

"ఎంతసేపైందే వచ్చి?"

"ఇప్పుడే" అంది సర్దుబాటమ్మ.

"లేపకపోయావా?"

"ఇప్పుడే వచ్చాను పిన్నీ. టీ పెడతా, నువ్వు మొహం కడుక్కో" అని, ఆమె మూడు కప్పులు తీసి గట్టు మీద పెట్టింది.